రోడ్డెక్కిన నీళ్లు.. జాకీలెక్కిన ఇళ్లు
* కూల్చకుండానే ఎత్తు పెంచుకుంటున్న చెన్నై వాసులు
* తొందరపడితే గోడలకు బీటలే

చెన్నై: ఐప్పసి, కార్తీక మాసాలు వస్తున్నాయంటే చెన్నై పల్లపు ప్రాంతాల వారికి గుండెల్లో గుబులే. ఒకప్పుడు మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు రెండు మెట్లు దిగాల్సి వస్తోంది. ఇల్లు కుంగలేదు. రోడ్డే పెరిగింది. పాత రోడ్డు మీదే కొత్త తారు పోస్తూ పోతే వాన నీరు ఇంకెక్కడికి పోతుంది? నేరుగా నట్టింట్లోకే!

2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ఈ బాధను ఇంకా పెంచాయి. వేళచ్చేరి లాంటి చోట్ల బీరువాలు, మంచాలు నీట మునిగాయి. పాత రోడ్డును గీకి తీశాకే కొత్తది వేయాలని 2021లో తమిళనాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధికారులను ఆదేశించారు. అయితే అప్పటికే పల్లమైపోయిన ఇళ్ల మాటేమిటి? కూల్చి కట్టాలంటే లక్షలు కావాలి. అందుకే చాలామంది చూపు జాకీల మీద పడింది.

ఎలా ఎత్తుతారు?
ముందు కరెంటు, నీళ్ల పైపులు, డ్రైనేజీ కనెక్షన్లు విడదీస్తారు. గోడల వెంబడి పునాది కనపడేలా తవ్వుతారు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. గోడ కింద మొత్తం ఒకేసారి ఖాళీ చేయరు. కొంచెం ఇటుక తీసి, అక్కడ జాకీ బిగించి, ఆ తర్వాతే పక్కకు జరుగుతారు. ప్లింత్ బీము లేని పాత ఇళ్లకు గోడ అడుగున ఇనుప చానళ్లు దూరుస్తారు. ఇంటి బరువంతా జాకీల మీదికి వచ్చాక, మేస్త్రీ కేక వేయగానే అందరూ ఒకేసారి మర తిప్పాలి. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ లేచిందా.. గోడ బీటలు వారినట్టే. అనుకున్న ఎత్తు వచ్చాక జాకీల మధ్య గోడ కట్టి, అది గట్టిపడ్డాక ఒకటి విడిచి ఒకటిగా జాకీలు తీసి ఖాళీలు పూడుస్తారు.

లేచేది గోడలు, కప్పు మాత్రమే. నేల కిందే ఉండిపోతుంది. మట్టి నింపి కొత్త గచ్చు వేసుకోవాలి. మెట్లు, పైపులు, సంపు ఖర్చు వేరు. చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకునేటప్పుడే ఇవన్నీ కాగితం మీద రాయించుకోవడం మంచిది.

సెల్లార్ అయితే..
కొందరు పైకెత్తే బదులు ఇంటి కిందే సెల్లార్ తవ్వుకుందామని అనుకుంటారు. దానికీ సూత్రం అదే. పునాది కింద మూడు, నాలుగు అడుగుల చొప్పున ముక్కలుగా, దూరం దూరంగా తవ్వి కాంక్రీటు పోయాలి. అది గట్టిపడకుండా పక్క ముక్కను ముట్టుకోకూడదు. అయితే భూగర్భ నీరు పైపైనే ఉండే చోట్ల ఇది కొరివితో తల గోక్కోవడమే.

షికాగోలోనూ అంతే..
ఇదేమీ కొత్త విద్య కాదు. 1850, 60 దశకాల్లో అమెరికాలోని షికాగోలో మురుగు కాల్వల కోసం వీధుల ఎత్తు పెంచారు. అప్పుడు మేడలను సైతం ఇలాగే మర జాకీలతో లేపారు.

కింద ఉన్నదీ మనుషులే..
2014 జూన్‌లో చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన కూలీలూ ఉన్నారు. అది ఇల్లు ఎత్తే పని కాకపోయినా, కట్టడం బరువుతో ఆటలాడకూడదన్న పాఠం మాత్రం నేర్పింది. జాకీ తిప్పేవాడు గోడ పక్కన గోతిలోనే కూర్చుంటాడు. అందుకే నాలుగు డబ్బులు ఎక్కువైనా ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఇల్లు చూపించాలి. నానిన నేలలో, వాన రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. పని జరిగినన్నాళ్లూ ఇంటిల్లిపాది బయట ఉండటమే క్షేమం.

ఇల్లు లేచినంత మాత్రాన వీధి నీరు మాయం కాదు. మన గుమ్మం ఎత్తయితే అది పక్కింటి గుమ్మం వెతుక్కుంటుంది. కాల్వలు బాగుపడేదాకా జాకీలకు గిరాకీ తగ్గేలా లేదు!