ప్రవర్తన మారినప్పుడు నాడులను గమనింపుడు

శాంతస్వభావము గల మనిషి ఉన్నట్టుండి కారణము లేక కోపించుట, ఉలికిపడుట, లేనివి కనబడుచున్నవనుట చూచి ఇంటివారు "గాలి సోకినది" అనియో, "పొగరెక్కినది" అనియో తలంచుదురు. కర్నూలు జిల్లా గూడూరు మొదలు ఎమ్మిగనూరు, ఆదోని వరకు గల పల్లెలనుండి నా వద్దకు వచ్చువారిలో కొందరు ముందుగా తాయెత్తు కట్టించుకొనియే వత్తురు. మనిషి నడత కేవలము గుణము వలన కలుగునది కాదు. మెదడు, నాడులు చేయు పనికి అది ఫలము కూడ. ఈ సంగతి తెలిసినచో ప్రాణములు దక్కును.

శాస్త్రము చెప్పినది

చరక సంహిత వాయువును మనస్సును నియమించునదిగను, ప్రేరేపించునదిగను వర్ణించినది. చైతన్యమునకు హృదయము స్థానమని చరకుడు చెప్పగా, మనస్సు శిరస్సునకు, తాలువునకు నడుమ నున్నదని భేల సంహిత చెప్పినది. ఈ విషయమున నేటి శాస్త్రము భేలుని పక్షమున నిలిచినది.

నాడీకణములు రసాయనముల ద్వారా ఒకదానికొకటి వార్తలు పంపుకొనును. బండియెద్దుకు ముల్లుకర్ర, ముకుతాడు రెండును ఉన్నట్లే, వీనిలో కొన్ని ప్రేరేపించును, కొన్ని అణచును. ఈ సమత చెడినచో నడత చెడును.

ముకుతాడు తెగినచో

గాబా అను రసాయనము మెదడునకు ముకుతాడు వంటిది. కల్తీకల్లులో కలుపు డైజిపామ్, ఆల్ప్రాజోలం అను మందులు దాని శక్తిని పెంచి మత్తు కలిగించును. దినదినము త్రాగగా మెదడు ఆ మందులపైననే ఆధారపడును. 2015 సెప్టెంబరులో తెలంగాణలోని నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో కల్తీకల్లును అరికట్టినప్పుడు, అలవాటుపడినవారు అనేకులు వింతగా ప్రవర్తించిరి; కొందరికి మూర్ఛలు వచ్చినవి. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయము రోగులతో నిండినది. 2020 లాక్‌డౌనులో మద్యము దొరకనప్పుడు కూడ అక్కడ ఇట్లే జరిగినది. కావున ఇట్టి అలవాటును వైద్యుని పర్యవేక్షణలో క్రమముగా మానిపింపవలెను. ఒక్కసారిగా ఆపుట ప్రాణాపాయము.

ముల్లుకర్ర ఆగనిచో

మా ఆదోని ప్రాంతము ప్రత్తికి ప్రసిద్ధి. చేలలో కొట్టు క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి పురుగుమందులు నాడులపై పనిచేయును. నాడి చివర వెలువడు ఎసిటైల్‌కోలిన్‌ను కోలినెస్టరేజ్ అను ఎంజైము వెంటనే విడగొట్టును. పురుగుమందు ఈ ఎంజైమును బంధించుటచే ప్రేరణ ఆగక సాగును. అందుచే చెమట, చొంగ, కనుపాప చిన్నదగుట, కండరములు అదరుట, భయము, కలవరము, మాట తడబడుట కలుగును. కోలుకొనిన పిమ్మట సైతము కొందరిలో కొంతకాలము మతిమరుపు, చిరాకు, దిగులు ఉండవచ్చును. ఆ సమయమున ఇంటివారు నిందింపక ఓర్పు వహింపవలెను.

చేయవలసినవి

1. మందు కొట్టి వచ్చిన మనిషి తీరు మారినచో తడిసిన బట్టలు తీసివేసి, సబ్బుతో, పుష్కలమైన నీటితో ఒడలు కడుగవలెను. కడుగువారు చేతికి తొడుగులు ధరింపవలెను.

2. బలవంతముగా వాంతి చేయింపరాదు. కషాయములు, పాలు పోయరాదు.

3. 108 వాహనమును పిలిచి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్చవలెను. అట్రోపిన్ అను విరుగుడు అక్కడ లభించును.

4. జ్వరముతో కలవరము, తలకు దెబ్బ, మూర్ఛ, ముసలివారిలో హఠాత్తుగా మతి తప్పుట కనబడినను ఆలస్యము కూడదు.

ఇంటివైద్యము ఎంతవరకు?

వేళకు భోజనము, చాలినంత నిద్ర, వారమునకు రెండుమార్లు నువ్వులనూనెతో అభ్యంగము – ఇవి ఆరోగ్యవంతుని నాడులకు రక్షణ. పైన చెప్పిన అపాయములకు ఇవి చికిత్స కావు. మానసిక బాధకు సలహా కావలసినవారు ప్రభుత్వము నడుపు టెలి మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును. మీ ఇంట ఎవరి నడతయైన హఠాత్తుగా మారినచో, "వానికి ఏమి పట్టినది?" అని అడుగుటకు మారుగా "వాడు ఏమి తినెను, ఏమి త్రాగెను, ఏ చేను నుండి వచ్చెను?" అని ముందుగా విచారింపుడు.