గుక్కెడు నీళ్ళలో ఏముంది?

"ద్రవ్యరాశి కలిగి, స్థలాన్ని ఆక్రమించేది పదార్థం" అని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. అయితే ద్రవ్యరాశి ఎక్కడి నుంచి వచ్చింది? స్థలాన్ని ఆక్రమిస్తున్నది ఎవరు? ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు, మనమూ అడగం.

గుక్కెడు నీళ్ళు 18 గ్రాములనుకుందాం. అందులో ఉండే అణువులు 6 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని. ప్రపంచంలోని 800 కోట్ల మందీ సెకనుకు ఒకటి చొప్పున లెక్కపెట్టినా 20 లక్షల ఏళ్ళు దాటుతుంది. ప్రతి అణువులోనూ రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు. బోరింగు నీళ్ళైనా గోదావరి నీళ్ళైనా అంతే. ఊరి టీ హోటల్లో మన పెద్దలకు వేరే గ్లాసు పెట్టిన సంగతి మీరు వినే ఉంటారు. ఆ గ్లాసులోని అణువుకూ ఈ గ్లాసులోని అణువుకూ తేడా చెప్పగల పరికరం ఏ ప్రయోగశాలలోనూ లేదు.

పరమాణు సిద్ధాంతాన్ని 1808లో పుస్తకంగా అచ్చువేసిన జాన్ డాల్టన్ ఇంగ్లండులో ఒక నేతకారుని కొడుకు. 12 ఏళ్ళకే బడిలో పాఠాలు చెప్పాడు. పరమాణువును విడగొట్టలేమని ఆయన నమ్మాడు. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాడు. 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకం ఉందన్నాడు. పరమాణువు మన ఆటస్థలమంత అయితే కేంద్రకం ఆవగింజంత! బరువు దాదాపు అంతా అక్కడే.

మరి బెంచీ మీద కూర్చుంటే అందులోకి ఎందుకు దిగిపోం? రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఇమడలేవు, పైగా ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. స్థలాన్ని ఆక్రమించడమంటే అదే.

గుణాలు కూడా పరమాణువులు చేతులు కలిపే తీరును బట్టే ఉంటాయి. పెన్సిలు ములుకూ వజ్రమూ కార్బనే. వజ్రంలో ప్రతి పరమాణువూ నలుగురిని గట్టిగా పట్టుకుంటుంది. పెన్సిలులోని గ్రాఫైట్‌లో పొరలు పొరలుగా జారుతుంది, అందుకే కాగితం మీద గీత పడుతుంది. ట్రంకుపెట్టెలో వేసిన కలరా ఉండల అణువుల మధ్య పట్టు తక్కువ. అవి కరగకుండానే గాలిలో కలిసిపోతాయి.

ఇక ద్రవ్యరాశి సంగతి. కేంద్రకంలోని ప్రోటాన్, న్యూట్రాన్లు క్వార్కులతో అయినవి. ఈ ఊహ 1964 నాటిది, తర్వాత ప్రయోగాల్లో రుజువైంది. విచిత్రమేమంటే, ప్రోటాన్‌లోని మూడు క్వార్కుల బరువూ కలిపితే దాని బరువులో నూటికి ఒక వంతే! మిగిలినదంతా క్వార్కుల కదలికలో, వాటిని కట్టిపడేసే బలంలో ఉన్న శక్తి. మన బరువులో చాలా భాగం ఆ శక్తిదే.