తేమ 14 దాటితే

శావల్యాపురం స్టేషన్ దగ్గర రెండు రైలు దారులు కలుస్తాయి. గుంటూరు నుంచి వినుకొండ మీదుగా నంద్యాల వైపు పోయే పాత లైను ఒకటి, నడికుడి నుంచి శ్రీకాళహస్తికి వేస్తున్న 309 కిలోమీటర్ల కొత్త లైను ఇంకొకటి. చుట్టుపక్కల సాగర్ కుడి కాలువ నీళ్లు బాగా అందిన చోట వరి, అంతంతమాత్రంగా అందిన చోట ఆరుతడి పంటలు, మెట్టన కంది, పత్తి. ఇక్కడి రైతు కల్లంలో ఆరబోసిన గింజ ఒకటి తీసి పంటికింద పెట్టి చూస్తాడు. కటుక్కుమంటే ఆరినట్టు. మెత్తగా నలిగితే ఇంకో రెండు ఎండలు కావాలి. కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు ఇదే సంగతిని అంకెల్లో చెబుతుంది. వడ్లకు 17 శాతం, మొక్కజొన్నకు 14 శాతం. అంతకు మించితే మద్దతు ధరకు కొనరు. బయట అమ్ముకుంటే తరుగు తీస్తారు.

ఆ నాలుగు చుక్కల తేమ తెచ్చే నష్టం ఎవరో ఒకరి నెత్తిన పడాల్సిందే. రైతా, మిల్లరా, సర్కారా, తినేవాడా? ఎవరి నెత్తిన పడాలో తేల్చేదే ప్రభుత్వ విధానం. తిండిగింజల చరిత్రలో రికార్డుకెక్కిన సంగతులను ఆ కంటితో చూస్తే ఒక్కొక్కటీ కొత్తగా కనిపిస్తుంది.

నందన ఏటి లెక్క

గుంటూరు సీమ చూసిన అతి ఘోరమైన కరువు 1832-33 నాటిది. తెలుగు సంవత్సరం పేరుతో దాన్ని నందన కరువు అంటారు. అప్పటి గుంటూరు జిల్లా జనాభా 5 లక్షలు. అందులో లక్షన్నర మంది చనిపోయారని అంచనా. అంటే ప్రతి పదిమందిలో ముగ్గురు. గింజల వర్తకంలో సర్కారు వేలు పెట్టరాదన్నది కంపెనీ పాలకుల నమ్మకం. ముప్పు మొత్తం కూలీ మీద, చిన్న రైతు మీద పడింది. కృష్ణకు అప్పటికి ఆనకట్ట లేదు. బెజవాడ ఆనకట్ట 1855 నాటికి గాని పూర్తి కాలేదు. 1876-78లో ధాత కరువు వచ్చి వెళ్లాక, 1880 కరువు కమిషన్ చలవతో కరువు నియమావళి పుట్టింది. గింజల ధర ఉన్నట్టుండి పెరగడాన్ని కరువుకు ముందు గుర్తుగా తీసుకోవాలని అందులో రాసుకున్నారు. అంత చిన్న మాట కాగితం మీదికి రావడానికి ఎన్ని ప్రాణాలు పోయాయో!

ఆనకట్ట వచ్చినా డెల్టాకే మేలు జరిగింది, శావల్యాపురం ఉన్న పల్నాటి మెట్టకు కాదు. రాతికట్టడాల్లో ప్రపంచంలోనే ఎత్తైనదిగా పేరుపొందిన నాగార్జునసాగర్ డ్యామ్‌కు 1955 డిసెంబర్ 10న పునాది పడింది. కాలువలకు నీళ్లు 1967 ఆగస్టు 4న వదిలారు. నందన కరువు నాటి నుంచి లెక్క వేస్తే ఆ నీటి కోసం ఈ నేల 134 ఏళ్లు ఎదురుచూసింది. కుడి కాలువ పొడవు 203 కిలోమీటర్లు.

అంతవరకు పల్నాటిని నిలబెట్టింది జొన్న. శ్రీనాథుడు ఇక్కడి జొన్నకూడు తినలేక చాటువులు చెప్పుకున్నాడు. నా మటుకు నాకు ఆ జొన్నే ఈ సీమ చేసుకున్న మొదటి పంటల బీమాగా తోస్తుంది. రెండు వానలకే పండుతుంది, వరి ఎండిపోయే చోట నిలుస్తుంది.

పాతర, గోల్‌ఘర్

గింజను దాచే పద్ధతుల్లో చాలా పాతది పాతర. నల్లరేగడిలో గొయ్యి తీసి, లోపల గడ్డి పరిచి, జొన్నలు పోసి, మట్టితో మూసేస్తారు. లోపలి గాలిని గింజలూ పురుగులూ పీల్చేసి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి, దాంతో పురుగులూ చచ్చిపోతాయి. గాలి చొరని గిడ్డంగి అని ఇప్పుడు పెద్ద ఖర్చుతో కడుతున్నది ఈ సూత్రం మీదే. ఆ వాయువు వల్లే పాతర తీసిన వెంటనే ఎవరూ దిగరు. దీపం దించి చూస్తారు. ఆరిపోతే ఆగుతారు.

కోష్ఠాగారంలోకి వచ్చినదాంట్లో సగం ఆపద కోసం ఉంచి మిగిలిన సగమే వాడమనీ, పాతది తీసి కొత్తది నింపుతుండమనీ కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. ఈ లెక్క మరిచిన కట్టడానికి పట్నాలోని గోల్‌ఘర్‌ను చూపిస్తారు. 1770 బెంగాల్ కరువు తరువాత కంపెనీ ఇంజినీరు జాన్ గార్స్టిన్ 1786లో పూర్తి చేసిన 29 మీటర్ల గుమ్మటం అది. లక్షా 40 వేల టన్నులు పడుతుందన్నారు. తలుపులు లోపలికి తెరుచుకునేలా పెట్టడం వల్ల పూర్తిగా నింపడమే కుదరలేదని చెబుతారు.

ఎన్నడూ లేనంత బియ్యం

1965 జనవరి ఒక మలుపు. భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషన్ రెండూ ఆ నెలలోనే పుట్టాయి. ఆహార సంస్థ తంజావూరులో మొదలైంది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. కొనేవాడి ముప్పును సర్కారు తన నెత్తికెత్తుకున్న ఆ పథకం వేసిన దారి 2013 ఆహార భద్రత చట్టం దాకా సాగింది. ఇక నిల్వల రికార్డు చూడండి. 2025 జూన్ 1న కేంద్ర నిల్వల్లో, మరపట్టని వడ్లతో కలిపి, 595 లక్షల టన్నుల బియ్యం ఉంది. జులై 1కి ఉండాల్సింది 135 లక్షల టన్నులే. నాలుగు రెట్లకు మించి! తెలంగాణ ఒక్కటే 2020-21లో 141 లక్షల టన్నుల వడ్లు సేకరించి ఇచ్చింది.

నిల్వ ఇంత ఉన్నా భయం పోదు. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం ఆపేసింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో మన దేశానిది ఇంచుమించు 40 శాతం. ఆ వార్త విన్న రోజుల్లోనే అమెరికాలో తెలుగువాళ్లు దుకాణాల ముందు బారులు తీరారు, కొన్నిచోట్ల ఇంటికి ఒక్క బస్తానే అన్నారు. ఇక్కడ ధర అదుపులో పెట్టడానికి చేసిన పని అక్కడ కంగారైంది. ఆ నిషేధం 2024 సెప్టెంబర్ 28న తొలగింది. ఈ పద్నాలుగు నెలలూ పై దేశాల ధర అందక పోగొట్టుకున్నది ఎవరంటే, మళ్లీ రైతే.

కోడి తిన్నది, మనిషి తిన్నది

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం తెలియక టర్కీ ఎక్స్ జబ్బన్నారు. చివరికి బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు అని తేలింది. ఆ బూజు చేసే విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. దాణా పరిశ్రమ భయమంతా ఇప్పటికీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మనిషికి దాని దెబ్బ తగిలినప్పుడు లెక్క తీసింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. 1974 చివర రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో అకాల వానలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్లతో పడిపోయారు, 106 మంది చనిపోయారు. పంట పెట్టుకోవడానికి సరైన చోటు లేని పేద ఇళ్లవాళ్లు. వేరే తిండి లేక తిన్నారు. ఆ పల్లెల్లో మనుషులకన్నా ముందు కుక్కలు చచ్చిపోయాయట. తేమ 14 శాతం అన్న గీత వెనక ఉన్నది ఈ కథ. ఇప్పుడు మన ఆహార ప్రమాణాల ప్రకారం తిండిగింజల్లో అఫ్లాటాక్సిన్ కిలోకు 15 మైక్రోగ్రాములు మించకూడదు. కంటికి కనపడనంత. తేమ మీటరు పట్టుకున్నవాడిని రైతు తిట్టుకోవడం సహజం. కానీ మీటరు తప్పేమీ లేదు. ఊరికి ఒక ఆరబెట్టే యంత్రమైనా లేకుండా మీటరు ఒక్కటే ఇవ్వడం తప్పు.

గుడ్ల రాష్ట్రం

దేశంలో గుడ్లు ఎక్కువ పెట్టించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2023-24లో దేశమంతా కలిపి 14,277 కోట్ల గుడ్లయితే, అందులో 17.85 శాతం ఇక్కడివే. గుడ్డు పెట్టే కోడి రోజుకు 110 గ్రాముల దాకా దాణా తింటుంది. దాణాలో సగం, అంతకు మించి, మొక్కజొన్నే. ఈ రంగానికి దారి వేసినవాడు బండా వాసుదేవరావు. గుడ్డు ధరను దళారి కాకుండా రైతులే చెప్పాలని 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని నిలబెట్టాడు.

ఆ కోడి మేతకు ఇప్పుడు పోటీ వచ్చింది. 2023-24లో దేశంలో ఇథనాల్‌కు ముడిసరుకుగా మొక్కజొన్న మొదటి స్థానానికి చేరింది. అమ్ముకునే రైతుకు మంచిదే, కోళ్లఫారం నడిపేవాడికి కష్టం. 2021 ఆగస్టులో సోయా చెక్క ధర మండిపోతే, జన్యుమార్పిడి సోయా నుంచి తీసిన 12 లక్షల టన్నుల చెక్క దిగుమతికి కేంద్రం మొదటిసారి ఒప్పుకుంది. ఆ డిసెంబర్‌లోనే సోయా చెక్క నిల్వల మీద పరిమితి కూడా పెట్టింది.

పిండి పేలితే

గాలిలో తేలే గింజల దుమ్ముకు నిప్పురవ్వ తగిలితే బాంబే. 1878 మే 2న మినియాపొలిస్‌లోని వాష్‌బర్న్ పిండిమిల్లు పేలి 18 మంది చనిపోయారు. 1977 డిసెంబర్‌లో లూసియానాలోని వెస్ట్‌వెగో గిడ్డంగిలో 36 మంది. ఎండు గింజలకు ఇదొక ముప్పు, తడి గింజలకు బూజు ఇంకొక ముప్పు.

రేపటి ధర, రేపటి వాన

రేపటి ధరను ఈరోజే ఖాయం చేసుకునే ఫ్యూచర్స్ వర్తకానికి మొదటి సంత జపాన్‌లోని దోజిమా బియ్యం బజారు. 1730లో దానికి అక్కడి సర్కారు గుర్తింపు ఇచ్చింది. చికాగో సంత 1848లో గాని రాలేదు. మన దగ్గర పల్నాటి మెట్టపంట కందికి ఆ వర్తకం 2007 జనవరిలో ఆగిపోయింది. 2021 డిసెంబర్‌లో వడ్లు, గోధుమ, సోయా వగైరా ఏడు సరుకులకు ఆపేశారు. ధర పెరుగుతుందన్న భయంతో ప్రతిసారీ ముందుగా ఈ తలుపే మూస్తారు. అది మూసుకుంటే రైతు పంటను కోతనాటి ధరకే ఇచ్చుకోవాలి.

వాన లెక్క చూసి డబ్బిచ్చే బీమా దేశంలో మొదట వచ్చింది 2003లో, మన మహబూబ్‌నగర్‌లోనే. వేరుశనగ, ఆముదం వేసిన రెండొందల పైచిలుకు రైతులు తీసుకున్నారు. వర్షమాపకంలో ఇన్ని మిల్లీమీటర్లకు తక్కువ పడితే ఇంత అని ముందే రాసుకోవడం, పొలానికి వచ్చి ఎవరూ నష్టం కొలవనక్కర లేకపోవడం అందులోని విశేషం. 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా వచ్చింది. ఖరీఫ్ తిండిపంటకు రైతు కట్టేది బీమా మొత్తంలో 2 శాతం. ఆంధ్రప్రదేశ్ 2020లో బయటికి వెళ్లి 2022లో మళ్లీ చేరింది.

గిడ్డంగి రసీదు

సహకార రంగంలో ప్రపంచంలోకెల్లా పెద్ద గిడ్డంగుల పథకం పేరిట 2023 మే 31న కేంద్రం 700 లక్షల టన్నుల నిల్వకు పచ్చజెండా ఊపింది. 2024 ఫిబ్రవరి 24న తొలి విడతగా 11 సహకార సంఘాల గోదాములు తెరిచారు. వాటిలో తెలుగునాట ఉన్నది తెలంగాణలోని గంభీరావుపేటది, 500 టన్నులకు. గోదాములో పెట్టిన పంట మీద ఇచ్చే ఎలక్ట్రానిక్ రసీదును బ్యాంకులో కుదువపెట్టి అప్పు తెచ్చుకునే వీలు 2017 నుంచి ఉంది.

2025-26కు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 1,777. మొక్కజొన్నకు 2,400. శావల్యాపురం కల్లంలో ఇవాళ అమ్మేయాలా, రెండు నెలలు ఆగాలా అని లెక్కలు వేసుకుంటున్న రైతుకు ఆ రసీదు చేతికి రావాలంటే ముందు గింజ ఆరాలి. మబ్బు పట్టింది, పట్టాలు కప్పుతున్నారు.