కషాయం కాచాం... ఇన్‌హేలర్ మరిచాం!

మా అమ్మాయికి దుమ్ము పడదు. మంచు రోజులొస్తే ముందు తుమ్ములు, తర్వాత దగ్గు, రాత్రయ్యేసరికి గుండెల్లో పిల్లికూతలు. బాపట్లలో మా అమ్మ పాలల్లో మిరియాలు, పసుపు వేసి కాచిస్తుంది. తెనాలిలో పక్కింటి పిన్నిగారు హోమియో మాత్రలు తెచ్చిపెడతారు. రేపల్లెలో మా అత్తయ్యకి చేపమందు మీదే గురి.

చేపమందు గురించి విననిదెవరు? 1845 నుంచి ఇస్తున్నామని హైదరాబాద్‌లోని బత్తిని వంశం వారు చెబుతారు. మృగశిర కార్తెకి కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. శాకాహారులకు బెల్లంలో ఇస్తారు. కరోనాతో మూడేళ్లు ఆగి, 2023 జూన్‌లో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మళ్లీ మొదలైంది. దాంతో ఉబ్బసం తగ్గుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. అయినా జనం ఎందుకు వెళతారో, ఊపిరాడని బిడ్డని ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్న తల్లికి వేరే చెప్పక్కర్లేదు.

మా పొరపాటు వేరు. పోయిన సంక్రాంతికి ముందు రేపల్లె వెళ్లాం. ‘‘ఆ గొట్టం అలవాటైతే జీవితాంతం పీల్చాల్సిందేనటమ్మా. నేను కషాయం కాస్తాగా, మానిపించు’’ అన్నారు అత్తయ్య. నా మనసులోనూ అదే భయం. సరేనని మాన్పించాను. అవి నూర్పిళ్ల రోజులు. గాలినిండా ధాన్యం దుమ్మే. నాలుగోరోజు అర్ధరాత్రి పిల్ల ఒక్క మాట కూడా పూర్తిగా పలకలేకపోయింది. పెదాలు నీలంగా మారాయి. ఆస్పత్రిలో ఆక్సిజన్, నెబ్యులైజర్ పెట్టాకే మా ప్రాణాలు కుదుటపడ్డాయి.

డాక్టరుగారు తిట్టలేదు. ‘‘రోజూ పీల్చేది ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించే మందు. మానేస్తే వాపు మళ్లీ వస్తుంది. దాన్నే మీరు అలవాటు అనుకుంటున్నారు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది వేరు. రెండూ దగ్గరుండాలి. మిరియాల పాలు తాగించండి, కాదనను. ఏం వాడుతున్నా నాకు దాచకండి’’ అన్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉంటే ఇవి గుర్తుంచుకోండి. ఆకులూ వేర్లే కదా, ఏం చేస్తాయిలే అనుకోవద్దు. పుప్పొడి పడనివాళ్లకు తేనె కూడా అరుదుగా పడకపోవచ్చు. పేరూ, అందులో ఏముందో రాయని పొడులు అసలే వద్దు. కొన్నిట్లో స్టెరాయిడ్లు కలుపుతారు. ముక్కు దిబ్బడకి ఉప్పునీటితో కడగడం మంచిదే గానీ, కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి.

ఇప్పుడు మేం రేపల్లె బయల్దేరుతున్నామంటే చాలు, అత్తయ్య ఫోనులో అడిగే మొదటి మాట: ‘‘గొట్టం సంచిలో పెట్టావా అమ్మా?’’