సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్: పైమెరుపు కాదు, లోపలి లెక్క చూడాలి

పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు ఒకరి తర్వాత ఒకరు మిర్రర్‌లెస్ కెమెరాలకు మారుతున్నారు. కెనాన్ 1డీఎక్స్ మార్క్ 3, నికాన్ డీ6 రెండూ 2020లో వచ్చాయి. ఆ తర్వాత ఆ స్థాయి డీఎస్ఎల్ఆర్‌ను ఆ కంపెనీలు మళ్లీ తేలేదు. దాంతో ఢిల్లీ చాందినీ చౌక్ మొదలుకొని హైదరాబాద్ కోఠి వరకు వాడిన డీఎస్ఎల్ఆర్‌లు అమ్మకానికి వస్తున్నాయి. ఫొటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థికీ, దాచుకున్న డబ్బుతో చిన్న స్టూడియో పెట్టాలనుకునేవారికీ ఇది మంచి అవకాశమే. చిక్కల్లా, కెమెరా వయసు దాని ఒంటిమీద కనిపించదు. గీతలు పడిన కెమెరా లోపల గట్టిగా ఉండొచ్చు. తళతళలాడే కెమెరా బీరువాలో ఏళ్లతరబడి పడి ఉండి లెన్స్‌లో బూజు పెంచుకుని ఉండొచ్చు.

ముందుగా చూడాల్సింది షట్టర్. బటన్ నొక్కిన ప్రతిసారీ లోపలి అద్దం పైకి లేస్తుంది. దాని వెనక ఉన్న రెండు పల్చని తెరల్లో మొదటిది తెరుచుకుంటుంది, రెండోది వెంటపడి మూసేస్తుంది, అద్దం మళ్లీ కిందికి దిగుతుంది. ఇంత కదలిక క్షణంలో జరిగిపోతుంది కాబట్టి స్ప్రింగులు, రేకులు అరగక తప్పదు. అందుకే తయారీదారులు షట్టర్ మన్నికను సంఖ్యల్లో చెబుతారు: కెనాన్ 80డీకి 1 లక్ష, నికాన్ డీ7200కి 1.5 లక్షలు, డీ850కి 2 లక్షలు, కెనాన్ 1డీఎక్స్‌కి 4 లక్షల క్లిక్కులు. ఒక్కో పెళ్లికి 2,000 ఫొటోలు తీసినా 50 పెళ్లిళ్లకు లక్ష నిండుతుంది.

అయితే ఈ అంకెను మందు సీసా మీది గడువు తేదీలా చూడకూడదు. అది పరీక్షల్లో తేలిన మన్నికకు సూచన మాత్రమే. కొన్ని షట్టర్లు అంతకు ముందే ఆగిపోతాయి, కొన్ని దాన్ని దాటి చాలాకాలం నడుస్తాయి. నికాన్ కెమెరాల్లో ఈ లెక్క ప్రతి ఫొటో ఫైలులోనూ నమోదవుతుంది కాబట్టి, అప్పటికప్పుడు ఒక ఫొటో తీసి చూస్తే తెలిసిపోతుంది. కెనాన్ మోడళ్లలో చాలావాటికి కెమెరాను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో చదవాలి. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. వీడియో తీస్తున్నంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది. గంటల తరబడి వీడియోలకు వాడిన కెమెరాలో సెన్సర్ ఎంత వేడెక్కి పనిచేసినా షట్టర్ లెక్క తక్కువే కనిపిస్తుంది.

షట్టర్ ఆరోగ్యాన్ని నేరుగా పరీక్షించే మార్గమూ ఉంది. సెకనులో 4,000వ వంతు వేగం దగ్గర షట్టర్ ఒకేసారి పూర్తిగా తెరుచుకోదు. రెండు తెరల మధ్య సన్నని చీలిక సెన్సర్ మీదుగా పరుగెత్తుతుంది. ఒక తెర కాస్త మందగించినా ఆ చీలిక వెడల్పు మారి, ఫొటోలో ఒక అంచు ముదురుగా పడుతుంది. అందుకే తెల్లగోడను ఆ వేగంతో పదిసార్లు తీసి చూడాలి. ఈ పరీక్ష ఎండ వెలుగులోనే చేయాలి. మన కరెంటు సరఫరా 50 హెర్ట్జ్ కావడంతో చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. దుకాణంలోని ట్యూబ్‌లైటు కింద తీస్తే ఏ దోషమూ లేని కెమెరాలోనూ చారలు రావచ్చు, పాపం అమ్మేవాడి మీద అనుమానం పడుతుంది.

తర్వాత సెన్సర్. దాని ముందున్న గాజుపొర మీద దుమ్ము చేరితే ఫొటోలో మసకచుక్కలు వస్తాయి. అపర్చర్‌ను ఎఫ్/22కి కుదించి, తెల్లకాగితాన్నో ఖాళీ ఆకాశాన్నో కావాలనే ఫోకస్ తప్పించి తీస్తే అవి స్పష్టపడతాయి. పొడవాటి ట్యూబ్‌లైటు కింద చేతి నీడ పలచగా, చిన్న బల్బు కింద గట్టిగా పడుతుంది కదా, ఇదీ అంతే. అపర్చర్ చిన్నదయ్యేకొద్దీ దుమ్ము నీడ పదునెక్కుతుంది. దుమ్మును శుభ్రం చేయించుకోవచ్చు, దానికి భయపడనక్కర్లేదు. గీత అయితే వేరే సంగతి.

కొన్ని పిక్సెళ్లు చీకట్లోనూ వెలుగుతాయి. వేడికి సెన్సర్‌లోని సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు వాటంతటవే విడుదలవుతుంటాయి. సుమారు ప్రతి 6 నుంచి 8 డిగ్రీల సెల్సియస్‌కు ఈ ప్రవాహం రెట్టింపవుతుంది. కాబట్టి లైవ్ వ్యూలో పది నిమిషాలు ఉంచి, కెమెరా కాస్త వేడెక్కాక, లెన్స్‌కు మూత పెట్టి 30 సెకన్ల ఫొటో ఒకటి, సెకనులో 60వ వంతు ఫొటో ఒకటి తీయాలి. మొదటిదానిలో కొన్ని రంగుచుక్కలు మామూలే. రెండోదానిలోనూ చుక్కలు ఎక్కువగా కనిపిస్తే వెనక్కి తగ్గడమే మంచిది.

తీరప్రాంతాల్లో అసలు ప్రమాదం లెన్స్‌లో ఉంటుంది. విశాఖ, కాకినాడ, చెన్నై, కోల్‌కతా లాంటిచోట్ల గాలిలో తేమ ఎక్కువ. సాపేక్ష ఆర్ద్రత 70 శాతం దాటి, చీకటీ, కదలని గాలీ తోడైతే ఫంగస్‌కు అంతకంటే ఏం కావాలి? దాని బీజాలు గాలిలో ఎక్కడైనా ఉంటాయి, గాజు మీద పేరుకున్న దుమ్ము, నూనె జాడలే వాటికి తిండి. అది సాలెగూడు దారాల్లా పాకుతూ ఆమ్లాలను వదులుతుంది. ఆ ఆమ్లాలు ముందు లెన్స్ పూతను, తర్వాత గాజునే తినేస్తాయి. తొలిదశలో విప్పి తుడిస్తే పోతుంది. గాజు చెడ్డాక మచ్చ అలాగే మిగిలిపోతుంది, ఎదురువెలుగులో తీసిన ఫొటోలు పొగ పట్టినట్టు వస్తాయి. లెన్స్‌ను కెమెరా నుంచి తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వెలుగును ఏటవాలుగా వేసి చూస్తే దారాలు కనిపిస్తాయి. నాలుగైదు దుమ్ము రేణువులు మాత్రం ఫొటోను పాడుచేయవు, అవి ఫోకస్ అయ్యే తలానికి చాలా దూరంలో ఉంటాయి. అనంతపురం లాంటి పొడి ప్రాంతం నుంచి వచ్చిన లెన్స్‌లో ఫంగస్ కంటే ఇలాంటి దుమ్మే ఎక్కువ ఉండొచ్చు.

కింద పడిన కెమెరాను పట్టించేది ఆటోఫోకస్. డీఎస్ఎల్ఆర్‌లో పెద్ద అద్దం వెనక ఇంకో చిన్న అద్దం ఉంటుంది. అది కొంత వెలుగును కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కు పంపుతుంది. ఆ దారి పొడవు, అసలు సెన్సర్‌కు వెళ్లే దారి పొడవు సమానంగా ఉండాలి. దెబ్బ తగిలి అద్దం కాస్త కదిలినా ఫోకస్ ముందుకో వెనక్కో జారుతుంది. స్కేలును ఏటవాలుగా పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి, మధ్య గీత మీద వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూలో ఇంకోసారి తీయాలి. లైవ్ వ్యూ అసలు సెన్సర్‌నే వాడుతుంది కాబట్టి రెండూ తేడాగా వస్తే అమరిక తప్పిందని అర్థం. కొన్ని మోడళ్లలో మెనూలోనే దీన్ని సరిచేసుకోవచ్చు.

ఉబ్బిన బ్యాటరీ, కార్డు స్లాటులో వంగిన పిన్నులు, బ్యాటరీ గదిలో పచ్చటి తుప్పు ఉంటే బేరం అక్కడితో ఆపేయొచ్చు. వ్యూఫైండర్‌లో కనిపించే దుమ్ము ఫొటోలోకి రాదు. బిల్లు మీది సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్న నంబరు ఒకటేనా అన్నది తప్పక చూడాలి. సొంత మెమరీ కార్డు తీసుకెళ్లి, తీసిన ఫొటోలను కెమెరా వెనకున్న చిన్న తెర మీద కాకుండా ల్యాప్‌టాప్‌లో 100 శాతం పెద్దవి చేసి చూడాలి. ఆ మోడల్‌కు షట్టర్ ఇప్పటికీ దొరుకుతుందా, మార్పించడానికి ఎంతవుతుంది అన్నది ధర మాట్లాడక ముందే స్థానిక మెకానిక్‌ను అడిగి పెట్టుకుంటే, బేరంలో ఎక్కడ ఆగాలో ముందే తెలిసిపోతుంది.