కంప్యూటరుకూ ఒక చిట్టా

1950ల తర్వాత తుంగభద్ర ఎడమ కాలువ కిందికి కోస్తా నుంచి మనవాళ్లు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఆనాటి నుంచీ సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో వరి ఎంత ముఖ్యమో, అప్పు పద్దు కూడా అంతే ముఖ్యం. ధాన్యం తోలిన రోజునే డబ్బంతా చేతికి రాదు. కాటా చీటీ, బస్తాల లెక్క, తీసుకున్న అడ్వాన్సు - రైతుకూ మిల్లుకూ మధ్య ఇవే సాక్షులు. మిల్లు లెక్కలు రాసేవాణ్ణి కనుక, ఆ సాక్ష్యాన్ని కాపాడుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పూర్వం గుమాస్తాలు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు రాసేవారు. ప్రతి లావాదేవీ జరిగిన వరుసలోనే చిట్టాకెక్కేది. అందులోంచి ఎవరి పద్దు వారికి విడదీసి ఆవర్జాలో రాసేవారు. ఆవర్జాకు చెదలు పట్టినా, చిట్టా ఉంటే మళ్లీ రాసుకోవచ్చు. నేటి 'నిరంతర బ్యాకప్' లోని కిటుకు కూడా దాదాపు ఇదే.

రాత్రి ఇంటికి వెళ్లేముందు పెన్‌డ్రైవులోకి నకలు తీసుకోవడం చాలామందికి అలవాటు. మరి కోతల రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి హార్డ్‌డిస్కు పాడైతే? ఉదయం నుంచి దిగిన లారీల లెక్క నిన్నటి నకలులో ఉండదు కదా! నిరంతర బ్యాకప్‌లో ప్రతి మార్పూ సమయంతో సహా వెంటనే వేరేచోట నమోదవుతుంది. రెండు గంటల యాభై నిమిషాలకు లెక్కలు ఎలా ఉన్నాయో అలాగే తిరిగి తెచ్చుకోవచ్చు.

ఇక్కడొక తేడా గమనించాలి. కొన్ని ఏర్పాట్లు అద్దం వంటివి. ఇక్కడ పద్దు చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. 2017 మేలో 'వన్నాక్రై' అనే వైరస్ ఎన్నో దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అద్దం వంటి నకలైతే తాళం పడిన ఫైళ్లే అక్కడికీ చేరతాయి. పాత రూపాలను కూడా దాచే పద్ధతి అయితేనే తాళం పడకముందు నాటి లెక్క దొరుకుతుంది.

నకలు ఎక్కడుండాలి? 2009 అక్టోబరు వరదల్లో రాయచూరు జిల్లాలో ఎన్నో ఊళ్లు, కర్నూలు పట్టణం నీట మునిగాయి. అలాంటి నీరొస్తే బల్లమీది కంప్యూటరూ, సొరుగులోని పెన్‌డ్రైవూ కలిసే మునుగుతాయి. కనుక ఒక నకలు వేరే ఊళ్లో ఉండాలి. మన జిల్లాలోని మస్కిలో 1915లో బయటపడిన అశోకుని శాసనం చూడండి. అదే సందేశాన్ని కొప్పళ దగ్గరా, కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ చెక్కించారు. ఒకచోట అక్షరం అరిగితే మరోచోట చూసి చదువుకోవచ్చు.

మన క్యాంపుల్లో నెట్ పోవడం మామూలే. నెట్ లేనంతసేపూ మార్పులు బయటి ఊరికి చేరవు. అందుకే ఆఫీసులోనే మరో డిస్కుకు కూడా నకలు వెళ్లేలా పెట్టుకోవాలి.

ఏర్పాటు చేశాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో పొరపాటున సమాచారం చెరిగిపోయింది. తీరా చూస్తే వారి బ్యాకప్‌లలో కొన్ని అసలు పనిచేయడం లేదు. సుమారు ఆరు గంటల సమాచారం పోయింది. నెలకొకసారి ఒక్క రైతు ఖాతానైనా నకలు నుంచి తెరిచి, కాటా చీటీలతో సరిచూడండి.

మిల్లుకు బీమా ఉంటుంది. నోటిమాట మీద కౌలుకు చేసే రైతుకు మాత్రం తాను తోలిన బస్తాలకు మన పద్దే ఆధారం. ఈ కోతలు మొదలయ్యేలోగా ఆ ఏర్పాటు చూసుకుందాం.