పెట్టె అడుగున తాతగారి పిస్తోలు

పేలని తూటా నివురుగప్పిన నిప్పు - లైసెన్సు మార్చుకోనిదే ముట్టుకోరాదు

పెద్దాయన కర్మలు ముగిశాక ఇంటివారు భోషాణం తెరుస్తారు. పట్టా కాగితాలు, పాత ప్రామిసరీ నోట్లు, వాటి కింద పంచె మడతలో చిన్న పిస్తోలు, పక్కన రంగు వెలిసిన అట్టపెట్టెలో చిటికెన వేలికన్నా సన్నని తూటాలు. పిల్లలు బొమ్మ అనుకుంటారు. మనవడు తాతగారి గుర్తు అనుకుంటాడు. చుట్టాల్లో ఒకరు "పనిచేస్తుందో లేదో ఒకసారి పేల్చి చూద్దాం" అంటారు. ముప్పు అక్కడే మొదలవుతుంది.

వెనుకటి రోజుల్లో లైసెన్సు పొంది ఇళ్లల్లో వుంచుకున్న ఇటువంటి ఆయుధాలు తరం మారేసరికి వారసుల చేతికి వస్తాయి. వాటిని గురించి తెలిసినది తక్కువ, అపోహలు ఎక్కువ.

అంచులో నిప్పు

ఇలాంటి చిన్న పిస్తోళ్లలో .22 రకం ఒకటి. గొట్టం వెడల్పు సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు. పెద్ద తూటాలకు అడుగున నడుమ టోపీ వుంటుంది. ఈ తూటాకు అది కనిపించదు. పలుచని ఇత్తడి డొక్కు అడుగున వున్న అంచు మడతలోనే నిప్పు రగిలించే మందు వుంటుంది. పిస్తోలులోని పిన్ను ఆ అంచును నలిపితే మందు రగిలి, గుండు బయటకు దూసుకుపోతుంది.

అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1857లో తెచ్చిన రివాల్వరు ఈ తరహా తూటాతోనే పనిచేసింది. 1887లో వచ్చిన 'లాంగ్ రైఫిల్' అనే .22 తూటా నేటికీ వాడుకలో వుంది. దాని గుండు బరువు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. అయినా తేలిక పనికిరాదు. మైలు దూరాన వున్న మనిషికి కూడా అపాయమే.

ఎందుకు మొరాయిస్తుంది?

పిన్ను కొట్టినా తూటా పేలకపోవడానికి కారణాలు చాలా వున్నాయి. ఏళ్ల తరబడి పెట్టెలో వున్న పిస్తోలుకు పూసిన నూనె జిగురులా గట్టిపడి పిన్ను వేగాన్ని తగ్గిస్తుంది. స్ప్రింగు బలం తగ్గుతుంది. పిన్ను కొస అరుగుతుంది. తూటా కూర్చునే గదిలో మురికి పేరుకుంటే తూటా పూర్తిగా లోపలికి దిగదు. పిన్ను దెబ్బ దానిని లోపలికి నెట్టడానికే సరిపోతుంది. తూటా లేకుండా పదే పదే ట్రిగ్గరు నొక్కినా నష్టమే. అడ్డం లేని పిన్ను గది అంచును కొట్టి సొట్ట చేస్తుంది.

తెలిసిన మరమ్మతుదారు ముందుగా పేలని తూటా అంచును చూస్తాడు. పిన్ను గుర్తు లోతుగా పడితే లోపం తూటాలో వుండే అవకాశం ఎక్కువ. పైపైన గీటుపడినట్టు వుంటే స్ప్రింగో, పిన్నో, మురికో చూడాలి.

పేలలేదు కదా అని వెంటనే తెరవరాదు. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలుతాయి. గొట్టం ఎవరివైపూ తిప్పకుండా కనీసం అర నిమిషం ఆగాలన్నది లైసెన్సుదారులు పాటించే నియమం. శబ్దం ఎప్పటికన్నా మందంగా వస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కుని వుండవచ్చు. దాని వెనుక మరొకటి పేల్చితే గొట్టం వుబ్బుతుంది, పగలనూవచ్చు.

ఇరుక్కున్న తూటాను స్క్రూడ్రైవరుతోనో, పట్టకారుతోనో పెకలించబోవడం మరీ ప్రమాదం. నిప్పు మందు వున్నది అంచులోనే. తూటాల అర బయటకు తీశాం కాబట్టి పిస్తోలు ఖాళీ అనుకోవడమూ పొరపాటే. గొట్టం మొదట్లో ఒక తూటా మిగిలి వుండవచ్చు.

పాత పిస్తోలు, కొత్త తూటా

తూటా గదిలో పట్టినంత మాత్రాన ఆ పిస్తోలుకు తగినదని కాదు. అమెరికాలోని కోల్ట్ కంపెనీ 1915లో ఒక .22 పిస్తోలును తెచ్చింది. 1927 నుంచి దానికి వుడ్స్‌మన్ అని పేరు. మొదట్లో తయారైనవి ఆనాటి మామూలు తూటాలకే తగినవి. ఎక్కువ వేగం గల తూటాలు వచ్చాక, 1930ల తొలినాళ్లలో కంపెనీ పిడి వెనుక భాగాన్ని బలపరిచింది. ఎడ్లబండి ఇరుసు మీద లారీ బరువు మోపితే ఏమవుతుందో, పాత రకంలో ఈ తూటాలు వేస్తే అదే అవుతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఏ కంపెనీది, ఎప్పటిది అన్నది తేల్చుకోవడం మొదటి పని.

చట్టం ఏమంటోంది?

ఇల్లలకగానే పండుగ కాదన్నట్టు, తాతగారి ఆస్తి మనదైనంత మాత్రాన తాతగారి లైసెన్సు మనది కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సుదారు చనిపోతే ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు వున్న డీలరు వద్దగాని జమ చేయాలి. ముందుగా స్టేషనుకు కబురు చేసి, వారు చెప్పినట్టు అప్పగించడం క్షేమం. రసీదు మరువరాదు.

"చెడిపోయింది, పేలదు, దీనికి లైసెన్సెందుకు?" అనే మాట తరచూ వినిపిస్తుంది. ఇది చెల్లదు. మరమ్మతు చేసినా, చేయకున్నా తుపాకిగా పనికిరాని పాతకాలపు ఆయుధాలకే చట్టం మినహాయింపు ఇచ్చింది. బాగు చేస్తే పేలే పిస్తోలు పిస్తోలే.

2019 సవరణ తర్వాత, లైసెన్సు లేకుండా ఇటువంటి ఆయుధం వుంచుకుంటే 2 నుంచి 5 సంవత్సరాల జైలు, జరిమానా. అనుమతి లేకుండా మరమ్మతు చేసినవారికి శిక్ష ఇంకా పెద్దది: కనీసం 7 సంవత్సరాలు, యావజ్జీవం దాకా పడవచ్చు. స్నేహం కొద్దీ స్ప్రింగు మార్చి ఇచ్చిన కమ్మరి, వెల్డింగు షాపు కుర్రవాడు ఇందులో ఇరుక్కుంటారు. మరమ్మతు లైసెన్సు వున్నవారి దగ్గరికే తీసుకుపోవాలి.

వారసులకు దారి వుంది

2016 ఆయుధాల నియమావళిలో 25వ నియమం వారసుల కోసమే వుంది. లైసెన్సుదారు మరణానంతరం చట్టబద్ధ వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు. మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న పత్రం జతచేయాలి. జిల్లాలో కలెక్టరు, కమిషనరేటు పరిధిలో పోలీసు కమిషనరు లైసెన్సు ఇచ్చే అధికారి. పోలీసు విచారణ జరుగుతుంది. ఒక మనిషికి రెండుకు మించి తుపాకులు వుండరాదన్న పరిమితి వారసత్వంగా వచ్చిన వాటికీ వర్తిస్తుంది. ఆయుధం అక్కరలేనివారు లైసెన్సుగల డీలరుకు అమ్ముకోవచ్చు.

పెద్దాయన బతికి వుండగానే ఈ పని ముగించుకోవడానికీ వీలుంది. ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం పొంది 25 ఏళ్లయినా, వీటిలో ఏది ముందైతే అప్పుడే వారసుని పేర లైసెన్సు కోరవచ్చు.

పొలం పాసుపుస్తకం పేరు మార్పిడికి తిరిగినట్టే దీనికీ ఒకసారి తిరగాలి. లేకుంటే తాతగారు గౌరవంగా దాచుకున్న వస్తువే మనవడిని కోర్టు మెట్లు ఎక్కిస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే అంతకన్నా పెద్ద నష్టమే తేవచ్చు.